ఊట దగ్గర బంగారు బల్లి

"సంచీ తియ్యండి."

"మళ్లీనా మేడం? నిన్నేగా చూశారు!"

"నిన్నటి సంగతి నిన్నటిదే."

చెక్‌పోస్టులో డ్యూటీ చేసే ఫారెస్ట్ గార్డమ్మాయికి ఈ జిరాక్స్ షాపు కుర్రాడంటే చచ్చేంత అనుమానం. రోజూ సాయంత్రం గుట్టెక్కుతాడు, చీకటి పడేలోపు దిగుతాడు. సంచీలో మంచినీళ్ల సీసా తప్ప ఏమీ ఉండదు. అడిగితే కవితలు రాసుకుంటున్నానంటాడు. పెన్నూ లేదు, కాగితమూ లేదు, ఇదేం కవిత్వం? పైగా సంచీ వెతికినప్పుడల్లా నవ్వుతాడు. ఆ నవ్వు ఇంటికెళ్లాక కూడా గుర్తొస్తుంది. అందుకే ఇంకా ఒళ్లు మంట.

ఆ గుట్టలో బంగారు బల్లి ఉందంటారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వెతుకుతున్నా ఆమెకి దాని తోక కూడా కనబడలేదు. దొంగల చేతికి చిక్కితే సీసాలో పెట్టి అమ్మేస్తారు, ఉన్న కాసినీ పోతాయి. ఆ దిగులుతో ఆమెకి కంటి మీద కునుకు లేదు.

అలాంటిది, ఓ ఉదయం షాపు అద్దం మీద కవిత అతికించి ఉంది.

*రెండు బండల నడుమ, ఊట పలకరించే చోట,*
*బంగారు బల్లీ, నిన్ను వెతుక్కుంటూ వచ్చాను.*
*ఉన్నట్టే ఉండి చిక్కవు.*
*ఒక్కసారి నా వంక చూడకూడదా?*

ఆమె రెండోసారి చదివింది. ఆ ఊట తన చెక్‌పోస్టు వెనకే! ఊరందరికీ అడ్రసు చెప్పేశాడు, దుర్మార్గుడు!

అనుకున్నంతా అయింది. మర్నాడే ఊట దగ్గర వలతో ఇద్దరు పట్టుబడ్డారు. వాళ్లని ఆఫీసరుకి అప్పగించి, తిన్నగా షాపు మీదకొచ్చి పడింది.

"మీ కవిత చదివే వచ్చారట! మీరూ వాళ్లూ ఒకటేనా?"

"దొరికారా? అమ్మయ్య!" అతను ఎగిరి గంతేశాడు.

"ఏంటీ నాటకాలు?"

"నాటకం కాదు మేడం. రోజూ గుట్టెక్కుతానని, బల్లి ఎక్కడుంటుందో చెప్పమని నన్ను పీక్కుతిన్నారు. చెప్పకపోతే గుట్టంతా తవ్వేసేలా ఉన్నారు. అందుకే అబద్ధం రాసి అతికించా. ఊట దగ్గర బల్లి ఉండదు, మీరుంటారు."

"నాకు ముందే చెప్పొచ్చుగా?"

"నమ్మేవారా? నా మంచినీళ్లే మూత తీసి వాసన చూస్తారు!"

సిగ్గుతో ఆమె తల దించుకుంది. "మరి అసలు బల్లి?"

అతను మొహం సీరియస్‌గా పెట్టాడు. "ముందు మీ సంచీ తియ్యండి."

నవ్వాపుకుంటూ తీసిచ్చింది.

ఆ సాయంత్రం గుట్ట మీద, ఎండిన రాతి చీలిక ముందు ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మసక వెలుతురులో బంగారు రంగు తల ఒకటి బయటికొచ్చింది. అలా చూసి, ఇలా లోపలికి జారుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తెలీకుండానే అతని చెయ్యి పట్టుకుంది.

"దీని మీద రాయరా?"

"బోలెడు రాశాను. అన్నీ తలలోనే ఉన్నాయి. కాగితమ్మీద పెడితే దీని చోటు తెలిసిపోదూ?"

ఆమె అడిగింది. "మరి ఊట దగ్గర, నా వంక చూడకూడదా అన్నది..."

"బల్లిని కాదు."

"ఇన్నాళ్లూ సంచీ మాత్రమే వెతికాను," అంది ఆమె. "మనసులో ఇంత దాచుకుని నా ముందు నుంచే తిరుగుతున్నారా? మీ మీద అనుమానం ఇంకా పెరిగింది. రేపు కూడా చెక్ చెయ్యాలి."

చెయ్యి మాత్రం వదల్లేదు.