గొళ్లెం మీద నులితీగ

ఉదయం ఏడు గంటలకు డాబా మీది సామాన్ల గదిలోంచి ముసలాయనను బయటికి తెచ్చారు. ప్రాణానికి ముప్పు లేదు. గొంతు మాత్రం తడారిపోయింది. డాబా మీది కుళాయి కింద దోసిలి పట్టి కడుపునిండా తాగాడు.

"నిన్న సాయంత్రం ఆరింటికి ఎరువు కోసం లోపలికి వెళ్లాను. నా కోడలు బయట గొళ్లెం పెట్టేసింది," అన్నాడు.

ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి కోడలు డాబా మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన సర్దిన సూట్‌కేసు. దారికి అడ్డంగా కానిస్టేబుల్. పదకొండింటి బస్సుకు ఆమె పొరుగూరు బయలుదేరవలసి ఉంది. సాయంత్రంలోగా ట్రైనింగులో చేరకపోతే, వచ్చిన ఉద్యోగం రద్దవుతుంది.

"కేసు పెడితే ఊరు దాటనివ్వరు కదా?" అని అడిగాడు మామగారు.

"దాటనివ్వం."

ఆయన తృప్తిగా తల పంకించాడు.

డాబా మీద కాలు మోపే చోటు లేదు. తొట్ల నిండా వంగ, బెండ, టమాటా. గోడను కమ్మేసిన బీరపాదు గది తలుపు దాకా పాకింది.

"తోట ఎవరిది?"

"నాదేనండి."

"నీళ్లు పోసేది?"

"కోడలు."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు.

"నిన్న ఆరింటికి ఎక్కడున్నావమ్మా?"

"వంటింట్లో."

"చూసినవాళ్లు?"

"కుక్కరు."

కానిస్టేబుల్ నవ్వు మింగాడు.

"మామగారితో గొడవలా?"

"గొడవకు తీరికేదండీ? పొద్దున నీళ్లు, సాయంత్రం నీళ్లు, మధ్యలో పురుగులు ఏరడం. ఒకసారి నాలుగు రోజులు పుట్టింటికెళ్తే టమాటాలన్నీ మాడిపోయాయి. 'నీ చేతి చలవ వేరమ్మా' అని పిలిపించేశారు. మళ్లీ గడప దాటలేదు."

"తలుపు తీసిందెవరు?"

"నేనేనండి," అన్నాడు కొడుకు. "దబదబా బాదుతుంటే విని పైకొచ్చాను."

"గొళ్లెం సులువుగా వచ్చిందా?"

"లేదండి. బీరతీగ చుట్టుకుంది. పీకి పారేశాను. అదిగో."

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ ముక్కను తీశాడు. స్ప్రింగులా మెలికలు తిరిగిన నులితీగ. తరువాత గది వెనక్కి వెళ్లి కిటికీని చూసి వచ్చాడు. అందరినీ తలుపు ముందుకు పిలిచాడు.

"కొత్త నులితీగ పచ్చగా, మెత్తగా ఉంటుంది. ఇది గడ్డిరంగుకు తిరిగి ఇనుపతీగలా బిగిసింది. ఒక్క రాత్రిలో ఇంత ముదరదు. మా ఇంటి బీరపాదు ఒక్క కాయ కాయలేదు గాని, ఇది మాత్రం నేర్పింది. ఈ తీగ తెగితే తప్ప గొళ్లెం రాదు. గొళ్లెం వస్తే తప్ప తలుపు తెరుచుకోదు. తీగ తెగింది ఇవాళ. మరి మీరు నిన్న లోపలికి ఎలా వెళ్లారు?"

ముసలాయన చూపు కిటికీ వైపు వెళ్లింది.

"కిటికీకి ఊచలు లేవు. అందులోంచి దూరి లోపల గడియ మీరే వేసుకున్నారు కనుక ఎవరూ అనుమానించలేదు. బయటి గట్టు మీద పాకుడు చెరిగిపోయింది. అది మీ ప్యాంటుకు అంటింది."

ఆయన రెండు అరచేతులతో మోకాళ్లను కప్పుకున్నాడు.

"ఎందుకు నాన్నా ఇదంతా?"

"మరి నీళ్లెవరు పోస్తార్రా?" గొంతు పీలగా వచ్చింది. "నా చెయ్యి పడితే పుదీనా కూడా బతకదు."

ఇన్‌స్పెక్టర్ కోడలిని చూశాడు.

"తప్పుడు ఫిర్యాదు. ఈయన మీద కేసు పెట్టవచ్చు. ఏమంటావమ్మా?"

"సాక్ష్యానికి నన్ను పిలుస్తారా?"

"పిలుస్తాం."

"అయితే వద్దండి."

సూట్‌కేసు అందుకుని ఆమె మెట్లు దిగింది. గేటు దాటింది. నాలుగడుగులు వేసి ఆగింది. ఒక్క క్షణం చెవి ఒగ్గి వింది. సూట్‌కేసు అక్కడే వదిలి, గబగబా వెనక్కి వచ్చి మెట్లెక్కింది.

ముసలాయన ముఖం వెలిగింది.

ఉదయం ఆయన తాగి వదిలేసిన కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఆమె దానిని బిగించి, తడి చేతిని కొంగుకు తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది.