హెలెన్ వేలిముద్ర

తార్నాకలో మందుల షాపు పైనున్న ఆ చిన్న ఆఫీసుకు పోలీసులు రావడం అరుదు. అందుకే హెడ్ కానిస్టేబుల్ హెలెన్ తలుపు తోసుకుని లోపలికి రాగానే అసిస్టెంట్ సాకేత్ లేచి నిలబడ్డాడు. ఆమె యూనిఫాంలో లేకపోయినా అతను గుర్తుపట్టాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"మేడం, నన్ను దొంగను చేస్తున్నారు" అంది హెలెన్.

ప్రైవేట్ డిటెక్టివ్ సుధామయి కుర్చీ చూపించింది. "మొదటి నుంచి చెప్పండి."

యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ప్రొఫెసర్ అమల ఇంట్లో సోమవారం మధ్యాహ్నం దొంగలు పడ్డారు. కిటికీ చువ్వ వంచి వెండి సామాను, లాప్‌టాప్ ఎత్తుకెళ్లారు. ఆ గదిలో హెలెన్ వేలిముద్ర దొరికింది. ఆమె ఆ రోజు సెలవులో ఉంది. ఇంట్లో ఒక్కతే ఉంది, సాక్ష్యం లేదు.

"మీ స్టేషన్‌లో ఇలాంటి కేసు ఎవరెవరి చేతుల్లోంచి పోతుంది?"

"ఫోన్ రాగానే పెట్రోలింగ్ వాళ్లు వెళ్లి కాపలా ఉంటారు. వాళ్లు శాంతిభద్రతల వైపు. దర్యాప్తు మాది, క్రైమ్ టీమ్‌ది. మా పైన డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ కొండలరావు సార్. వేలిముద్రలు తీసేది క్లూస్ టీమ్, వాళ్లు వేరే. మేం పొరపాటున ఏదైనా ముట్టుకుంటే తెలియాలని మా ముద్రలు కూడా వాళ్ల దగ్గర ఉంటాయి. రిపోర్టు నేరుగా డీఐ సార్‌కే ఇస్తారు. నా ముద్ర దేని మీద దొరికిందో సార్ నాకు కూడా చెప్పలేదు."

"మీ సార్ టీమ్‌లో ఎవరికైనా చెప్పారా?"

"లేదు మేడం. ఒక ముద్ర దొరికింది, అది నాది. అంతవరకే అందరికీ తెలుసు. వచ్చే వారం నేను సీసీఎస్‌కి వెళ్లాలి. నగరం మొత్తంలో పెద్ద కేసులు చూసే విభాగం. మా టీమ్ నుంచి నన్నొక్కదాన్నే తీసుకున్నారు."

సుధామయి, సాకేత్ ముందు క్యాంపస్‌కు వెళ్లారు. అమల ఇంటికి తిరిగొచ్చి గది చూడగానే భయంతో క్వార్టర్స్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టిందట. ఆ తర్వాతే పోలీసులకు ఫోన్ చేసింది. ఫొటోలో వంగిన చువ్వ, దాని పక్కన బల్ల, బల్ల మీద పుస్తకాలు కనిపించాయి. మరేమీ లేదు.

"క్లూస్ టీమ్ ఏం తీసుకెళ్లింది?"

అమల తటపటాయించింది. "ఎవరికీ చెప్పొద్దన్నారు. ఈ బల్ల మీద నుంచి ఒక టీ గ్లాసు కవర్లో పెట్టుకున్నారు. అది మాది కాదండీ. దొంగదేమో అనుకున్నాను. అప్పుడు క్రైమ్ టీమ్ వాళ్లు ఇక్కడ లేరు, పక్కిళ్లలో విచారిస్తున్నారు."

మొదట కాపలాకు వచ్చిన కానిస్టేబుల్ సత్తయ్య గేటు దగ్గరే దొరికాడు.

"నేను అమల మేడంతోనే వరండల కూసున్న. క్లూస్ టీమోళ్లు రాకముందు శాంసన్ సార్ ఒక్కడే లోపలికి పోయిండు. కిటికీ చూస్తనన్నడు. జర సేపట్లనే బయటికొచ్చిండు."

శాంసన్ క్రైమ్ టీమ్‌లో అందరికన్నా పాతవాడు. స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర కలిశాడు. హెలెన్ పేరు ఎత్తగానే తల దించుకున్నాడు.

"నా చెల్లెలు లాంటిదండీ. పని నేనే నేర్పా. ఇద్దరిదీ ఒకే చర్చి."

"సీసీఎస్‌కి మీరూ పేరిచ్చారా?"

"ఇచ్చా. రాలేదు. దానికేముందిలెండి."

"సోమవారం ఆ గదిలోకి వెళ్లారా?"

"లేదండీ. క్లూస్ టీమ్ చూడకముందు మేం లోపల అడుగు పెట్టకూడదు. బయట నుంచే చూసి పక్కిళ్లకు వెళ్లిపోయా."

"హెలెన్ ఇలా చేసి ఉంటుందా?"

"దొంగతనానికి వచ్చిన మనిషి టీ తాగి గ్లాసు అక్కడే వదిలిపోతుందా అని నాకూ అనుమానమే. కానీ వేలిముద్ర అబద్ధం చెప్పదు కదా."

మర్నాడు సాయంత్రం సుధామయి కోరిక మీద అందరూ అమల ముందుగదిలో కూర్చున్నారు. హెలెన్ మీద రిపోర్టు రాయడానికి చెయ్యి రాని కొండలరావు కూడా వచ్చాడు.

"దొంగ నిజమైన దొంగే, వాడు వెళ్లిపోయాడు" అంది సుధామయి. "గ్లాసు మాత్రం వాడు తెచ్చింది కాదు. అమల గారు ఫొటో తీసినప్పుడు బల్ల మీద గ్లాసు లేదు. క్లూస్ టీమ్ వచ్చేసరికి ఉంది. మధ్యలో లోపలికి వెళ్లింది ఒక్కరే అని సత్తయ్య చెప్పాడు. ఆ ఒక్కరూ నాతో వెళ్లలేదన్నారు. కొండలరావు గారూ, ముద్ర గ్లాసు మీద ఉందని మీ టీమ్‌లో ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు."

"శాంసన్ గారికి తెలుసు. టీ తాగి గ్లాసు వదిలిపోతుందా అని నిన్న నాతో అన్నారు."

సాకేత్ ఉలిక్కిపడ్డాడు. ఆ మాట అతనూ విన్నాడు, పట్టుకోలేకపోయాడు.

"స్టేషన్‌లో ఆమె టీ తాగిన గ్లాసు రుమాల్లో చుట్టి, అదను కోసం బ్యాగులో పెట్టుకు తిరిగా" అన్నాడు శాంసన్. "ఇన్నేళ్లుగా దొంగల వెనక ఎండలో తిరిగింది నేను. సార్ పొద్దున రాగానే అడిగేది, హెలెన్ వచ్చిందా అని. ఏ కేసు పట్టుకున్నా ఆ పేరే."

హెలెన్ లేచి అతని ముందుకు వచ్చింది. "పోయిన ఆదివారం ప్రార్థనలో నీ పేరు నేనే ఇచ్చాను, అన్నా. నీకూ పోస్టింగ్ రావాలని."

"విన్నా. అది మరీ తట్టుకోలేకపోయా. నా కోసం నువ్వు అడగడం."

కొండలరావు అతని భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. జీపు వెళ్లేదాకా హెలెన్ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని అమల వైపు తిరిగింది.

"అమ్మా, అసలు దొంగను ఎవరూ వెతకడం లేదు. మీ వెండి సామాను ఎలా ఉంటుందో చెప్పండి."