గులాబీ వరుసలో గాట్లు

ఆ మార్చి ఉదయం ప్రైవేట్ డిటెక్టివ్ రాద్కో మించెవ్ చేతిలో ఉన్న ఆస్తి ఇదీ: కజాన్లక్ ఊళ్లో ఒక గది ఆఫీసు, ఒక మంచి భూతద్దం, ఆయన ఏం చెప్పినా కళ్లింత చేసుకుని వినే అసిస్టెంటు జ్లాత్కా. కేసులు మాత్రం లేవు. పూర్వం విత్తనాల వ్యాపారి కనుక, అమ్ముడుపోని సరుకు ముందు కూర్చున్నట్టు ఓపిగ్గా కూర్చున్నాడు.

గులాబీ రైతు హ్రిస్తోఫోర్ తలుపు తోసుకుని వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"నా పొదల్ని చంపేశాడండీ! పక్కింటి బొగోమిల్! కత్తితో బెరడు ఒలిచేశాడు. వాడి కొడుక్కి మా అమ్మాయి రాలిత్సానిచ్చి జూన్‌లో పెళ్లి చేద్దామనుకున్నాం. ఇంక ఇచ్చినట్టే!"

"కుందేళ్లేమో?"

"నడుం ఎత్తునా? పైగా మోకాలెత్తు తీగవల కట్టాను. కుందేలు నిచ్చెనేసుకుని ఎక్కిందంటారా?"

ముగ్గురూ తోటకు వెళ్లారు. మంచు అంతా కరిగిపోయింది. కాలిబాట పక్క వరుసలో ప్రతి కొమ్మకూ నడుం ఎత్తున బెరడు ఊడి ఉంది. ఆ కింద మాత్రం గీత కూడా పడలేదు. లోపలి వరుసలు నిక్షేపంగా ఉన్నాయి. రాద్కో భూతద్దం పెట్టి చూశాడు. గాయాల్లో సన్నటి గాట్లు జంటజంటలుగా కనిపించాయి. వల లోపల నేలమీద గుండ్రటి పెంటికలు.

"అవీ వాడు తెచ్చి చల్లినవే," అన్నాడు హ్రిస్తోఫోర్. "వాడు కుందేళ్లు పెంచుతాడుగా!"

కంచె అవతలనుంచి బొగోమిల్ గయ్యిమన్నాడు. "బావగారూ, నాకింక పనేం లేదా? పెంటికలు ఏరుకుంటూ కూర్చున్నానా?"

హ్రిస్తోఫోర్ భార్య దోన్కా కాఫీ తెచ్చింది. "చలికాలమంతా ఈయనకి ఇదే పని. బాట మీద మంచు ఎత్తడం, ఈ వరుసకి దుప్పటిలా కప్పడం. నాకు ఒక్కరోజైనా కప్పిన పాపాన పోలేదు!"

"వేళ్లకి చలెయ్యదూ? గాలికి ఎగిరిపోకుండా పారతో గట్టిగా కొట్టి మరీ కప్పుతాను," అన్నాడాయన గర్వంగా.

రాద్కో నవ్వాడు. రెండిళ్లవాళ్లనూ వంటింట్లో కూర్చోబెట్టమని దోన్కాకు చెప్పాడు. రాలిత్సా ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉంది.

"కత్తి పట్టినవాడు కొమ్మను మొదలంటా ఒలుస్తాడు, నడుం దగ్గర ఆగడు," అన్నాడు రాద్కో. "జంట గాట్లు ముందుపళ్లవి. మరి కింది బెరడు ఎందుకు మిగిలింది? అది మంచులో పూడి ఉంది కనుక. బాట మీది మంచు అంతా ఈ ఒక్క వరుస మీదే పడింది. వల మునిగిపోయింది. గట్టిపడ్డ ఆ గుట్టెక్కి అడవి కుందేళ్లు విందు చేసుకున్నాయి. మంచు కరిగేసరికి పెంటికలు కిందికి దిగి వల లోపల పడ్డాయి."

"అయితే నిచ్చెన వేసింది..." జ్లాత్కా నోరు తెరిచింది.

"మా బావగారే!" బొగోమిల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. హ్రిస్తోఫోర్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి అతన్ని కావలించుకున్నాడు.

"గాటు కింద కొమ్మ కోసెయ్యండి, వేళ్లు బాగున్నాయి, చిగురిస్తుంది. వచ్చే చలికాలం మంచు బాటకి అవతలి పక్క పొయ్యండి, వల ఎత్తు పెంచండి," అన్నాడు రాద్కో.

లెక్క చూస్తే హ్రిస్తోఫోర్‌కు ఈ ఏటికి ఒక వరుస పూలు పోయాయి, అల్లుడు దక్కాడు. రాద్కోకు ఫీజు, దోన్కా కట్టిచ్చిన గులాబీ జామ్, పెళ్లిలో ముందు వరుసలో రెండు కుర్చీలు.