నాలుగు వందల పన్నెండు అడుగులు

ఆ ఉత్తరం ఒక్క పుంతాలేనాకే రాలేదు. పడవలు కట్టుకునే నాలుగు మెరీనాలకు ఒకేసారి వచ్చింది. ఎవరికి పంపాడో దాచుకోవాలని కూడా తోచలేదేమో, పై వరుసలో నాలుగు చిరునామాలూ కనిపిస్తున్నాయి. కార్తహేనా, మొనాస్టిర్, లేరోస్, అన్నింటికన్నా చివర పుంతాలేనా.

పుంతాలేనా మెరీనా ఆఫీసులో మిరెల్లా కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నమస్కారం. ఈ చలికాలం నా పడవలోనే ఉంటూ గడపదలిచాను. దయచేసి ఈ వివరాలు తెలపండి. ఏ దిక్కు గాలి వస్తే మీ దగ్గర ఇబ్బంది? స్నానాల గదుల్లో వేడినీళ్ళు వస్తాయా? బట్టలుతికే మిషన్లు ఎన్ని? కుట్టుమిషన్ నడిచేటంత కరెంటు ఉంటుందా? సంతకు నడిచి వెళ్ళవచ్చా? ఇట్లు, యోస్ట్. పడవ పేరు కీవిట్."

"వేడినీళ్ళు వస్తాయా అట!" అంది మిరెల్లా పైకే.

మూలన కూర్చుని తడి బూట్లు విప్పుకుంటున్న తూరీ తలెత్తాడు. పడవలు వచ్చినప్పుడు మోకులు అందుకుని కట్టడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా అదే పని.

"ఎవరే అమ్మాయ్?"

"ఎవరో మామా. కొత్తవాళ్ళు."

కొత్తవాడు! పోయిన చలికాలం ఆరునెలలు ఇక్కడే ఉన్నాడు. స్నానాల గదిలో మూడుసార్లు తువ్వాలు మర్చిపోయి, మూడుసార్లూ జుట్టులోంచి ఆవిర్లు కక్కుతూ ఈ కిటికీ దగ్గరికే వచ్చి అడిగాడు. సంతకు ఎన్ని మలుపులో, ఏ మలుపులో కుక్క ఉందో తెలుసు. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళకి రాసినట్టు రాశాడు. పైగా నాలుగింట్లో ఒకటి. ఆ ఒకటీ ఆఖరున.

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా పడవలు కట్టే జెట్టీల్లో మొదటిది, 'ఏ' వరుస. అందులో మూడో చోటు ఖాళీగా ఉంది. నీళ్ళు సన్నగా కదులుతున్నాయి.

కిందటేడు అక్టోబరులో ఆ మూడో చోటులోనే మొదటిసారి గొడవ పడ్డారు.

ఆరోజు వాన. తూరీకి నడుం పట్టేసింది. మోకు అందుకోవడానికి మిరెల్లాయే వెళ్ళింది. వచ్చిన పడవ చిన్నది, ఆకుపచ్చది. నడిపేవాడు మాత్రం నిటారుగా కొయ్యలా పొడుగ్గా ఉన్నాడు. అతను విసిరిన తడిమోకు నేరుగా వచ్చి ఆమె మొహానికి తగిలింది. కళ్ళజోడు నీళ్ళల్లో పడింది.

"నీకు కళ్ళు లేవా?" అని అరిచింది.

"నాకున్నాయి. మీకే ఇప్పుడు..." అని ఆగిపోయాడు. తర్వాత నాలుగు భాషల్లో క్షమాపణ చెప్పాడు. అతనికి వచ్చిన ఇటాలియన్ అంతా చేపల సంతలో నేర్చుకున్నది. అందుకే ఆ క్షమాపణలో రెండు చేపల పేర్లు కూడా దొర్లాయి. మిరెల్లా కోపం పట్టు తప్పి నవ్వేసింది.

హాలండ్ మనిషి. చిరిగిన తెరచాపలు కుట్టడం అతని వృత్తి. తాత్కాలికంగా ఆ మూడో చోటులోనే, అంటే 'ఏ మూడు'లో కట్టమంది. ఆ తాత్కాలికం నాలుగు వారాలు సాగింది. పొద్దున్నే కుట్టుమిషన్ చప్పుడు కిటికీలోకి వచ్చేది. పదకొండు గంటలకి చప్పుడు ఆగేది. ఆగిన రెండు నిమిషాలకి అతని చెయ్యి కిటికీలోంచి లోపలికి వచ్చేది, కాఫీ కప్పుతో సహా.

"ఇందులో చక్కెర లేదు" అనేది.

"మీ మాటల్లోనూ లేదు. అలవాటవుతుందని వెయ్యలేదు" అనేవాడు.

నవంబరు రెండోవారంలో ఆమె అతన్ని డి ఇరవై ఒకటికి మార్చింది.

ఆరోజు పెద్దాయన, అంటే మెరీనా మేనేజరు, పక్కనే నిలబడి ఉన్నాడు. అందుకని ఆఫీసు గొంతుతో చెప్పింది. "చలికాలం ఉండే పడవలు అటువైపు. మీది డి ఇరవై ఒకటి."

అతను అటు చూశాడు. పెద్ద రాతిగోడ కింద, జెట్టీ చిట్టచివర.

"చాలా దూరం కదూ?" అన్నాడు.

"కొంచెం నడవాలి."

"సరే" అన్నాడు. అంతే. ఆ తర్వాత పదకొండు గంటలకి చప్పుడు ఆగడం లేదు. అసలు చప్పుడే వినపడలేదు. ఆదివారాలు అందరూ కలిసి చేపలు కాల్చుకునే చోట మాత్రం కనిపించేవాడు. పలకరిస్తే "మీరు పనిలో ఉన్నారేమోనని" అనేవాడు. ఏప్రిల్లో వెళ్ళిపోతూ పాత తెరచాప గుడ్డతో కుట్టిన సంచీ ఒకటి బల్లమీద పెట్టాడు. ఆమె నిమ్మకాయ జామ్ సీసా ఇచ్చింది. అతని పడవ రాతిగోడ దాటేటప్పుడు మిగతా పడవలన్నీ ఆనవాయితీగా హారన్లు మోగించాయి. మిరెల్లా కిటికీ మూసుకుంది.

ఆ సంచీ ఇప్పటికీ రోజూ ఆమె భుజానే ఉంటుంది.

"ఇంట్లో పన్నెండు సంచులున్నాయి. కూరగాయలకి అదొక్కటే దొరుకుతుందా నీకు?" అని అమ్మ అడగని వారం లేదు.

"గట్టిదమ్మా."

"కుట్టినవాడు కూడా గట్టివాడే. అయిదు నెలలు, ఒక్క ముక్క రాశాడా?"

ఇప్పుడు రాశాడు. ఇలా.

మిరెల్లా జవాబు టైపు చేసింది. వేళ్ళు కీల మీద కాస్త గట్టిగానే పడ్డాయి.

"నమస్కారం. దక్షిణపు గాలి వస్తే కొన్ని చోట్ల ఇబ్బంది. వేడినీళ్ళు వస్తాయి, తువ్వాలు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. బట్టలుతికే మిషన్లు రెండు. అందులో ఒకటి కిందటేడు ఒకాయన సాక్సు మింగింది, ఇంకా ఇవ్వలేదు. కరెంటు ఉంటుంది. సంతకు నడిచి వెళ్ళవచ్చు, రెండో మలుపులో కుక్క ఇంకా బతికే ఉంది. మా జాబితా ఈ నెల ముప్పైన ముగుస్తుంది. ఇట్లు, ఆఫీసు."

పంపేసి, గోడమీద ఉన్న పెద్ద పటం ముందు నిలబడింది. చలికాలానికి ఎవరు ఎక్కడో పెన్సిలుతో రాసే పటం అది. గళ్ళన్నీ నిండాయి. డి ఇరవై ఒకటి మాత్రం తెల్లగా ఉంది.

"ఆ ఆస్ట్రియా దంపతులు పొద్దున మళ్ళీ అడిగారు ఆ చోటు. జర్మన్ పెద్దాయన మూడేళ్ళుగా అడుగుతున్నాడు. ఏమని చెప్పమంటావు?" అన్నాడు తూరీ.

"రిపేరులో ఉందని చెప్పు."

"మే నెలనుంచీ రిపేరేనా? ఏం రిపేరే అది?"

"మామా, నీకు పని లేదా?"

"ఉంది. చూస్తున్నా" అన్నాడు తూరీ. చూస్తున్నది ఆమె మొహాన్నే.

మర్నాడు జవాబు వచ్చింది. ఈసారి చిరునామా ఒక్కటే.

"సాక్సు సంగతి విని విచారించాను. అది ఎడమకాలిది. ఒక్క విన్నపం. నాకు డి ఇరవై ఒకటి వద్దు. ఏ మూడు ఇవ్వగలరా? అక్కడ ఎవరూ కట్టరని విన్నాను, కనుక ఎవరికీ అడ్డు ఉండదు. డి ఇరవై ఒకటి తప్ప వేరే లేదంటే చెప్పండి, లేరోస్ వాళ్ళకి మాట ఇచ్చేస్తాను."

మిరెల్లాకి చెవులు వేడెక్కాయి.

"డి ఇరవై ఒకటి వద్దట! దానికేం రోగం? జనం కొట్టుకు చస్తున్నారు దానికోసం. జర్మన్ పెద్దాయన నా కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ. ఈయనకి వద్దట! ఏ మూడు కావాలట. సిరొక్కో, అదే ఆ దక్షిణపు గాలి, మొదలైతే ఏ మూడులో పడవ కాదు, చేప కూడా నిలవదు!"

పెన్సిలు తీసి పటం దగ్గరికి వెళ్ళింది. ఆస్ట్రియా వాళ్ళ ఇంటిపేరులో మొదటి అక్షరం రాసింది కూడా.

"ఆగవే తల్లీ" అన్నాడు తూరీ. ఆ గొంతులో ఎప్పటి ఎగతాళి లేదు. "ఒకటి చెప్పాలి. చెప్పాల్సినంత పెద్ద సంగతి అనుకోలేదు అప్పుడు."

"ఏమిటి?"

"పోయిన డిసెంబరులో అతని పడవ దగ్గర నీళ్ళ పైపు బిగిస్తున్నా. 'తూరీ, నేనేం తప్పు చేశానని ఆమె నన్నంత దూరం పంపించింది?' అన్నాడు. నేను వేళాకోళం అనుకున్నా. 'ఊరికే పంపదులే, నీలో ఏదో చూసే ఉంటుంది' అన్నా."

మిరెల్లా పెన్సిలు దించింది.

"నువ్వు అసలు సంగతి చెప్పలేదా? అది మెరీనా మొత్తానికి మంచి చోటని?"

"పడవ మీద బతికేవాడికి ఆ మాత్రం తెలీదా అనుకున్నా."

"ఎలా తెలుస్తుంది మామా..." అని ఆమె కుర్చీలో కూలబడింది.

నిజమే, ఎలా తెలుస్తుంది? అతను ఉత్తరాది సముద్రం మనిషి. ఇక్కడ అదే మొదటి చలికాలం. డి ఇరవై ఒకటిలో ఉన్నవాడికి దక్షిణపు గాలి వచ్చిందనే తెలియదు. తలమీద ఏదో ఊళ వినిపిస్తుంది తప్ప బల్లమీద కాఫీ తొణకదు. ఏ గాలి నుంచి తప్పించిందో ఆ గాలి అతన్ని ఒక్కసారీ తాకలేదు. అతనికి తెలిసిందల్లా దూరం.

ఆమెకు ఆ నవంబరు రాత్రులు గుర్తొచ్చాయి. గాలి లేచిన ప్రతిసారీ ఇంట్లో దుప్పటి కింద పడుకుని, అతని పడవ కదలడం లేదు కదా అని హాయిగా అనుకునేది. అదే హాయిని అతను అయిదు నెలలు శిక్షలా అనుభవించాడన్నమాట.

తూరీ గొంతు సవరించుకున్నాడు. "ఏ మూడు ఎందుకడుగుతున్నాడో అర్థమైందా మరి? అక్కడినుంచి ఏం కనపడుతుంది? చెత్తకుండీ కనపడుతుంది. ఈ కిటికీ కనపడుతుంది. చెత్తకుండీ కోసం అయితే కాదులే."

మిరెల్లా రబ్బరు తీసుకుని పటం మీద రాసిన అక్షరాన్ని చెరిపేసింది. జవాబు రెండే వాక్యాలు రాసింది.

"ఏ మూడు ఇవ్వడం కుదరదు. కారణం ఉత్తరంలో రాయను, వచ్చి అడగండి."

తర్వాత ఏమీ రాలేదు. ముప్పయ్యో తారీఖు వచ్చింది, వెళ్ళింది. మేనేజరు పటం చూసి "ఇదేమిటి, ఇంకా ఖాళీ?" అన్నాడు. "వారం గడువు ఇవ్వండి" అంది మిరెల్లా. పదేళ్ళ ఉద్యోగంలో ఆమె అడిగిన మొదటి గడువు అది. ఆయన ఆశ్చర్యంతోనే ఒప్పుకున్నాడు.

రోజూ పదకొండు గంటలకి ఆమె కాఫీ తనే చేసుకునేది. చక్కెర లేకుండా. కిటికీ తెరిచే ఉంచేది. సముద్రం మీద కనిపించిన ప్రతి తెరచాపా ఆకుపచ్చ పడవదే అనిపించేది, దగ్గరికొచ్చాక తెల్లదయ్యేది. లేరోస్ ఎంత దూరమో సముద్రం పటంలో రెండుసార్లు కొలిచింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది.

ఆరోరోజు మధ్యాహ్నం వాన మొదలైంది. దక్షిణం నుంచి గాలి తిరిగింది. 'ఏ' వరుసలో నీళ్ళు అప్పుడే గట్టుకేసి కొట్టుకుంటున్నాయి.

బల్లమీది రేడియో గరగరలాడింది.

"పుంతాలేనా, పుంతాలేనా. ఇది కీవిట్. వినపడుతోందా?"

మిరెల్లా మైకు అందుకుంది.

"వినపడుతోంది కీవిట్. చెప్పండి."

"ఒక ప్రశ్న అడగడానికి వచ్చాను. ఎక్కడ కట్టమంటారు?"

"ఏ మూడు" అంది.

"ఇవ్వనన్నారుగా?"

"తాత్కాలికంగా."

తూరీ బూట్లు వేసుకోబోయాడు. ఆమె అప్పటికే తలుపు దాటింది. "నీకు నడుం నొప్పి మామా" అని వెనక్కి తిరక్కుండానే అరిచింది.

"నాకా? ఎప్పుడు?" అన్నాడు తూరీ. అని, బూట్లు మళ్ళీ విప్పేసి కూర్చున్నాడు.

జెట్టీ మీద నిలబడి ఆమె మొదట కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంది. ఆకుపచ్చ పడవ వానలోంచి మసగ్గా దగ్గరికొచ్చింది. పొడుగాటి మసక ఒకటి మోకు చేత్తో పట్టుకుని నిలబడింది.

"విసరనా?"

"కిందటిసారి అడిగారా?"

ఈసారి మోకు సరిగ్గా చేతుల్లో పడింది. కట్టింది. ఇంకోటి కట్టింది. అతను జెట్టీ మీదికి దూకేలోపే కెరటం ఒకటి గోడకి తగిలి వెనక్కి వచ్చింది. పడవ కట్టేసిన లేగదూడలా ఎగిరి మోకుల్ని గుంజింది. లోపల గిన్నెలేవో పడ్డ చప్పుడైంది. అతను తూలి కంబి పట్టుకున్నాడు.

"ఇదేమిటి?"

"దక్షిణపు గాలి. మొదటి ప్రశ్నకి జవాబు."

"ఇంత గట్టిగానా?"

"ఇంకా మొదలే కాలేదు. పోయిన చలికాలంలో ఇలాంటివి పదకొండు వచ్చాయి."

"పదకొండా? నాకు ఒక్కటి కూడా..." అని ఆగిపోయాడు. తల తిప్పి అటు చూశాడు. దూరంగా రాతిగోడ కింద డి జెట్టీ చివర నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. చాలాసేపు అలాగే చూశాడు. వాన అతని ముక్కు చివరినుంచి కారుతోంది.

"అందుకా?" అన్నాడు చివరికి.

"మరెందుకనుకున్నారు?"

"నా కాఫీ బాగాలేదని."

"బాగాలేదు. అయినా దానికి అంత దూరం ఎవరైనా పంపిస్తారా?"

అతను నవ్వలేదు. "మిగతా ముగ్గురూ చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఒకచోట వేడినీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయట."

"అక్కడికే వెళ్ళకపోయారా?"

"తిట్టింది మీరొక్కరే. అందుకే నమ్మకం కుదిరింది. అసలు ఆ ముగ్గురికీ రాయడమెందుకంటే, మీకొక్కరికే రాయాలంటే ఏం రాయాలో తెలియలేదు. అయిదు నెలలు ప్రయత్నించాను."

మళ్ళీ కెరటం. పడవ ఎగిరింది. ఆమె మోకు మీద కాలు వేసి అదిమింది.

"డి ఇరవై ఒకటి ఖాళీగా ఉంది. చీకటి పడకముందే అక్కడికి మార్చండి. పడవని ఇక్కడ ఉంచనివ్వను."

"అక్కడినుంచి మీ కిటికీ కనపడదు."

"కనపడదు."

"నాలుగు వందల పన్నెండు అడుగులు. లెక్కపెట్టాను. రోజూ పదకొండు గంటలకి బయల్దేరేవాణ్ణి. దీపస్తంభం దగ్గర ఆగిపోయేవాణ్ణి. దూరంగా ఉండమన్నవాళ్ళ దగ్గరికి కాఫీ పట్టుకుని ఎలా వెళ్ళను?"

మిరెల్లా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. అద్దాలమీద వాన చుక్కలు పడ్డాయి. అయినా ఇప్పుడు మొహం తెలుస్తోంది. కాస్త చిక్కాడు.

"మీ కాళ్ళు పొడుగు, అందుకే నాలుగొందల పన్నెండు. అయిదొందల నలభై అది" అంది.

అతను ఆమె వంక చూశాడు.

"మీకెలా తెలుసు?"

ఆమె భుజాన తడుస్తున్న సంచీని సర్దుకుంది.

"మిరెల్లా, మీకెలా తెలుసు?"

"ఆఫీసు మూసేది ఒంటిగంటకి. మీరు పదకొండుకి వచ్చి వెళ్ళిపోయేవారన్నమాట. నేను ఒంటిగంటకి వచ్చేదాన్ని" అంది. "అదే దీపస్తంభం దాకా. మిగతా అడుగులు మీరు వెళ్ళిపోయాక లెక్కపెట్టాను."

కిటికీలోంచి తూరీ గొంతు వినపడింది. "అమ్మాయ్! మీ అమ్మ ఫోను. ఆదివారం సార్డీన్ చేపల పాస్తా చేస్తోందట. సంచీ కుట్టినాయన తింటాడా అని అడుగుతోంది!"

"అమ్మకెవరు చెప్పారు మామా?"

"నాకు నడుం నొప్పి, నన్నేం అడక్కు!"

యోస్ట్ అప్పుడు నవ్వాడు. మోకు విప్పడానికి వంగాడు. మిరెల్లా రెండో మోకు విప్పి పడవలోకి విసిరింది, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. కదులుతున్న పడవకీ జెట్టీకీ మధ్య నీళ్ళు చూసుకుని, అతను చాచిన చెయ్యి పట్టుకుని లోపలికి దూకేసింది.

"నడిచి రారా?" అన్నాడు, చెయ్యి వదలకుండానే.

"రేపటినుంచి నడుస్తాను" అంది మిరెల్లా. "దీపస్తంభం దాటి."