గొణుగుల దిబ్బ

పొద్దుగూకాక గొణుగుల దిబ్బ పక్కన ఒంటరిగా పోకూడదు. బోగోలు నుంచి సముద్రం వైపు పోతే వచ్చే పాలెంలో ఎవరినడిగినా ముందు చెప్పే మాట ఇదే.

దిబ్బకు ఆ పేరు పాతదేం కాదు. నిరుటి వానల దాకా అది ఉత్త ఇసకదిబ్బ. పైన క్రైస్తవుల సమాధులు, చుట్టూ సరుగుడు చెట్ల సర్వితోట. పిల్లలు సమాధుల మీద కూర్చుని జామకాయలు కొరుక్కునేవాళ్ళు. ఆ వానల్లోనే మొదలయింది... చీకటి పడితే చాలు, పైనుంచి ఆడగొంతు. ఏడుపు కాదు, పాట కాదు. బళ్ళో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు, ఆగి ఆగి, రోజూ అవే మాటలు.

వల భుజానేసుకుని వస్తున్న మస్తానయ్య ఒకసారి దగ్గరగా విన్నాడు. ఏం వినపడిందని అడిగితే, మనకెందుకులే ఆ మాటలు అని తప్పించుకున్నాడు. దెయ్యాన్ని చూసినవాడు ఒకటికి పది కలిపి చెబుతాడు గానీ, ఉన్నది కూడా మింగేస్తాడా? ఈ అనుమానం సుశీల్ కుమార్‌కు రావలసింది. రాలేదు.

సుశీల్ కుమార్ మూడేళ్ళు జపాన్‌లో చేపలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసి, మొన్న ఆగస్టులో పాలెం చేరినవాడు. భార్య మెర్లిన్‌ను ఆమె తల్లి ఏసుమణి దగ్గర వదిలి వెళ్ళాడు. రెండో ఏడు మెర్లిన్‌కు కామెర్లు తిరగబెట్టాయి. నెల్లూరు ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. పదకొండు రోజులూ అతనికి ఫోన్ చేస్తూనే ఉన్నారు. అతను పలికేసరికి ఆమెను మట్టి చేసి రెండు రోజులయింది.

ఆ రోజు ఫోన్‌లో ఏసుమణి అడిగింది ఒకటే. "ఫోను చెడిపోయిందా నాయనా?"

అతను అవునన్నాడు. నీళ్ళలో పడిందన్నాడు.

పడలేదు. ఫోన్ నిక్షేపంగా ఉంది. మెర్లిన్ గొంతుతో వచ్చిన మెసేజీని అతను మొదటి రోజే విన్నాడు — ఒక్కసారి వచ్చి చూసిపో అని. మధ్యలో పోతే ఆ చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు, మళ్ళీ వీసా రాదు. కామెర్లే కదా, ఆకుమందు పోస్తే దిగుతాయి అనుకున్నాడు. ఫోన్ ఆపి పెట్టె అడుగున పెట్టేశాడు. ఇంత నీచం చేసినవాడు రాక్షసుడేం కాదు, మామూలు మనిషే. అదే మరీ చేదు.

ఆర్నెల్లు పోయాక, ఒక సెలవురోజున, ఫ్యాక్టరీలో మేస్త్రీగా ఉండే ముసలాయన అతన్ని ఒక గుడికి తీసుకెళ్ళాడు. ఆయనకూ భార్య పోయింది. గుడి అంటే గోపురం లేదు, విగ్రహం లేదు. కొండవాలులో రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య కట్టిన తాడు, తాడు వెనక చెట్ల నీడలో పెద్ద బండలు. ఆ ముసలాయన వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో సగం, కథ చెప్పాడు.

లోకం పుట్టిన కొత్తల్లో ఇజనాగి అనే దేవుడి భార్య ఇజనామి కానుపులో చనిపోయింది. ఆయన ఉండలేక చచ్చినవాళ్ళ లోకానికే వెళ్ళాడు. చీకట్లోంచి ఆమె పలికింది — వస్తాను, ఇక్కడివాళ్ళను అడిగి వస్తాను, అందాకా నన్ను చూడొద్దు అని. ఆయన ఆగలేకపోయాడు. తలలో దువ్వెన పన్ను విరిచి వెలిగించి చూశాడు. ఆమె ఒళ్ళంతా పురుగులు. ఆయన పరుగు... అవమానంతో ఆమె వెంటబడింది. ఆయన దారికి బండ అడ్డం పెట్టాడు. దానికి ఈ పక్క ఆయన, ఆ పక్క ఆమె, ఇక నీకూ నాకూ చెల్లు అనుకున్నారు. ఆ దారి ఇదేనన్నాడు ముసలాయన.

పక్కనే ఒక పోస్టుడబ్బా ఉంది. చచ్చిపోయినవాళ్ళకు ఉత్తరం రాసి అందులో వేస్తారట. ఏడాదికోసారి అన్నీ కాలుస్తారట, పొగ చేరవలసిన చోటికి చేరుతుందట.

మనది కాని దేవుడి దగ్గర మనకేం పని అని సుశీల్ కుమార్ ముందు తటపటాయించాడు. తర్వాత బండ పక్కన కూర్చుని రెండు పేజీలు రాశాడు. లోకంలో ఎవరికీ చెప్పనిది రాశాడు. పెట్టడానికి కవరు లేకపోతే, సంచి అడుగున మిగిలిపోయిన పాత కవరు తీశాడు. మెర్లిన్‌కు క్రిస్మస్ కార్డు పంపుదామని ఆ ముందేడు కొని, స్టాంపులంటించి, ఆమె పేరూ పాలెం పిన్‌కోడూ రాసి, ఖాళీగా ఉంచేసిన కవరు అది. ఉత్తరం అందులో పెట్టి డబ్బాలో వేశాడు. గుండె తేలికయింది. అంత సులువుగా దిగిపోయే బరువులు ఎక్కడుంటాయి?

పాలెం తిరిగొచ్చాక ప్రతి ఇంట్లో ఫోన్ నీళ్ళలో పడిన కథే చెప్పాడు. అందరూ తలూపారు. ఒక్కరూ ఎదురడగలేదు. ఏసుమణి తన ఇంటికి పిలిచి చేపల పులుసు వండిపెట్టి, తిను నాయనా అంది, అంతే. కూతురు పోయిన దిగులు అనుకున్నాడు.

నవంబరు వచ్చింది. సమాధుల పండగ రేపనగా, ఇళ్ళవాళ్ళంతా పగలే దిబ్బెక్కి తమ సమాధులు కడిగి సున్నం కొట్టుకున్నారు. మెర్లిన్ సమాధిని ఏసుమణి అల్లుడికే వదిలింది. సుశీల్ కుమార్ పోలేదు. పదిమందిలో ఆ రాయి ముందు నిలబడాలంటే అతనికి కాళ్ళు రావడం లేదు. కానీ తెల్లారితే పాదిరిగారూ ఊరంతా కొవ్వొత్తులతో వస్తారు, మెర్లిన్ సమాధి ఒక్కటే మాసి ఉంటుంది. చీకటి పడ్డాక సున్నం బకెట్టూ కుంచే పట్టుకుని బయల్దేరాడు.

మలుపులో పోస్టు పంచే చిన్నపోలయ్య ఎదురై సైకిలు దిగాడు. "ఇప్పుడొద్దు సుశీలన్నా. తెల్లారి పోదువుగాని."

దెయ్యాలకు నేను భయపడనులే అన్నాడు సుశీల్ కుమార్. పోలయ్య ఏదో అనబోయి, నోరు మూసుకుని, సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

ఇసకలో కాలు దిగబడుతోంది. సర్వితోట ఈల వేస్తోంది. ఎగువన తెల్లసున్నం సమాధులు మసగ్గా... సగం దిబ్బ ఎక్కాడో లేదో, వినపడింది.

ఆడగొంతు. సన్నగా, ఆగి ఆగి.

"...మెర్లినూ... ఈ దేశంలో ఒక దేవుడున్నాడు..."

అతని అడుగు ఆగిపోయింది.

"...ఆ దేవుడు చూడొద్దంటే చూశాడు. నువ్వు చూడమంటే నేను చూడలేదు... ఫోన్ చెడిపోలేదు. నీ గొంతు విన్నాను. విని ఆపేశాను..."

బకెట్టు చేతిలోంచి జారింది. సున్నం ఇసకలోకి ఇంకిపోయింది.

అవి అతని మాటలు. అక్షరం తేడా లేదు. సముద్రాల అవతల, ఒక కొండవాలులో, ఎవరూ చూడకుండా రాసిన మాటలు. ఆ కాగితం ఈపాటికి బూడిదై ఉండాలి. అందులో రాసింది తెలియాల్సింది ఒక్క మనిషికే. అంటే... చేరింది. చదువుకుంది. రోజూ చదువుకుంటోంది.

పారిపోదామనుకున్నాడు. పోలేక ఇసకలో కూర్చున్నాడు. "మెర్లినూ," అన్నాడు. "నన్ను క్షమించు."

గొణుగుడు ఆగింది.

లేచి మిగతా దిబ్బా ఎక్కాడు. మెర్లిన్ సమాధి ముందు నిలబడి ఫోన్ తీసి లైటు వేశాడు.

సమాధి అవతల తెల్లచీర. నెరిసిన జుట్టు. ఒళ్ళో కవరు... దాని మీద జపాన్ స్టాంపులు.

"లైటు ఆపు," అంది ఏసుమణి. "కళ్ళల్లో పడతా ఉండాది."

నిరుడు వానల్లో వచ్చిందట ఆ కవరు. స్టాంపులూ అడ్రసూ చూసి, పొరపాటున ఉత్తరాల డబ్బాలో పడిందనుకుని, ఆ గుడి దగ్గర ఎవరో మంచి మనిషి తీసి అసలు పోస్టులో వేసి ఉంటారు. చిన్నపోలయ్య తెచ్చిచ్చాడు. ఏసుమణికి చదువు రాదు, అతనే అరుగు మీద కూర్చుని చదివిపెట్టాడు. మధ్యలో అతను కాగితం మడవబోతే, ఆపొద్దు, ఆఖరుదాకా చదవమంది. నాలుగు రోజులు చదివించుకుంది. చర్చిలో చదువురాని ఆడవాళ్ళు దావీదు కీర్తనలు చెవితో విని నోటికి పట్టుకున్నట్టే, ఉత్తరం మొత్తం పట్టుకుంది.

"కవరు మీద దాని పేరుండాది గదా," అంది. "దానికొచ్చిన జాబు దానికి చెప్పొద్దా?"

సుశీల్ కుమార్‌కు అప్పుడు అర్థమైంది. మస్తానయ్యకు తెలుసు. పోలయ్యకు తెలుసు. మూడు నెలలుగా అతను ఇంటింటా ఫోన్ కథ చెబుతుంటే తలూపిన అందరికీ తెలుసు.

"నీకేం తెలియనీయొద్దని నేనే అన్నా," అంది ఏసుమణి. "చీకటి పడితే నిన్ను ఇటు రానీయొద్దని గూడా."

సిగ్గుతో అతను తలెత్తలేకపోయాడు. అడక్కూడదనుకుంటూనే అడిగాడు. "దానికి నా మీద కోపమొచ్చి ఉంటదా అత్తా?"

ఏసుమణి సమాధి మీది ఇసకను అరచేత్తో తుడిచింది.

"కోపమా... నీ ఫోను చెడిపోయిందన్న మాట నాది గాదు నాయనా, దానిది. స్విచాఫ్ అని వచ్చినప్పుడల్లా అదే అనింది. ఆఖరి పూట గూడా అంతే. ఆయనకు తెలిస్తే ఎట్టా తట్టుకుంటాడో, మెల్లిగా చెప్పమ్మా అనింది."

గాలి పడిపోయింది.

"ఏడాది పైన అయింది, దినామూ వచ్చి చెప్తా ఉండా. అది నమ్మటంలా. తెల్లారుజామున కల్లోకొచ్చి మళ్ళీ అడగతాది — ఆయన ఫోను బాగయిందా అమ్మా, అని."

ఆమె ఉత్తరం అతని చేతిలో పెట్టి, పక్కకు జరిగి సమాధి దగ్గర చోటిచ్చింది.

"నేను చెప్తే నమ్మటంలా. నువ్వు చదువు."