ఉభయకుశలోపరి తరువాత

"అమ్మా, ఇంకా ఎంతమంది వస్తరే?" వాకిట్లో చెప్పుల గుంపు చూసి నర్మద అడిగింది.

మధ్యాహ్నం రెండైంది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ ఇంటికి పొద్దున్నుంచీ జనం వస్తూనే ఉన్నారు. నర్మద నాయనమ్మ, బాపమ్మ పోయి ఆ రోజుకు పన్నెండు రోజులు.

"రానీ బిడ్డా. ఆమె దగ్గర చదువుకున్నోళ్లు ఒక్కరా ఇద్దరా!" అంది అమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

నిజమే మరి. బాపమ్మ పేరు అహల్యమ్మ. కానీ ఆ పేరు చెబితే సందులో ఒక్కరూ ఇల్లు చూపించలేరు. పంతులమ్మ అనాలి. ఇరవై ఎనిమిదేళ్లకే భర్త పోతే, రెండేళ్ల కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని వరండాలో చాప పరిచింది. బళ్లలో చదువంతా ఉర్దూలో సాగే రోజులవి. ఆడపిల్లలకు తెలుగు చదవడం, రాయడం ఎవరు నేర్పుతారు? పంతులమ్మే నేర్పింది. ఒకటా రెండా, నలభై ఏళ్లు! తల్లులు నేర్చుకున్నారు, తరువాత వాళ్ల కూతుళ్లూ నేర్చుకున్నారు.

తప్పు రాస్తే కొట్టేది కాదు. "థ కడుపుల చుక్క పెట్టకపోతివి. పాపం, పస్తుంటదే!" అనేది. పిల్లలు పకపకా నవ్వేవారు. ఆ చుక్క మళ్లీ జన్మలో మరిచేవారు కాదు.

పెళ్లిళ్లయి ఊళ్లకు వెళ్లినవాళ్లు ఆమెకు కార్డులు రాసేవారు. చివరి రెండేళ్లు బాపమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. దాంతో కార్డులు చదివే పని పదేళ్ల నర్మద మీద పడింది.

అక్కడే వచ్చింది చిక్కు. టపా వచ్చే వేళకే బయట పిల్లలు తొక్కుడుబిళ్ల గీసేవారు. "నర్మదా, వస్తవా రావా?" అని ఒకటే కేకలు. ఇంకేముంది! నర్మద నిలబడే కార్డు పట్టుకుని, "పూజ్యులైన పంతులమ్మగారికి నమస్కారములు. ఉభయకుశలోపరి..." అని ఒక్క గుక్కలో చదివి, అక్కణ్ణుంచి చివరి వరుసకు దూకేది. "ఇట్లు మీ శిష్యురాలు."

"అంతేనా?" అనేది బాపమ్మ.

"అంతే బాపమ్మా!"

"ఉభయకుశలోపరి అంటే ఏందో ఎరుకేనా? మేం మంచిగున్నం, మీరూ మంచిగున్నరనుకుంటున్నం, ఇగ ఆ పైన అని. అందాక అందరి కార్డూ ఒక్క తీరే ఉంటది. మనిషి కనబడేది ఆ పైననే బిడ్డా."

బాపమ్మ మాట పూర్తయ్యేసరికి నర్మద గడప దాటేసేది.

ఇప్పుడు వరండాలోకి ఒకామె వచ్చింది. చేతిలో చిన్న సంచి, పక్కన నాలుగైదేళ్ల పాప. బాపమ్మ రోజూ కూర్చునే పీట ఖాళీగా ఉంది. దాన్ని చూడగానే ఆమె నిలబడినచోటే కూలబడింది.

"నేను సౌభాగ్యను. వరంగల్ల ఉంటం," అంది నర్మద తండ్రి శ్రీపతితో. "చిన్నప్పుడు ఈ చాప మీదనే నేర్చుకున్న. పెండ్లయి పోయినంక పదేండ్లు ఒక్క ముక్క రాయకపోతి. మొన్న దసరా ముంగట కార్డు రాసిన. నా బిడ్డకు మీ చేతులతోనే ఓనమాలు దిద్దియ్యాలె, రమ్మంటే వస్తనని రాసిన. జవాబు రాలే. పంతులమ్మకు నా మీద కోపమొచ్చిందనుకున్న. అందుకే రాలే."

శ్రీపతి ఆశ్చర్యపోయాడు. "అట్లాంటి కార్డు రాలేదమ్మా. వస్తే మా అమ్మ ఊకుంటదా? టపాల ఎక్కడన్నా పోయిందేమో."

గుమ్మం దగ్గర నర్మద వింటోంది. నెపం టపా మీదికి పోయింది. నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు.

సౌభాగ్య ఏడవసాగింది. "అట్లయితే నేను రాసినట్టే ఆమెకు తెల్వదా? సౌభాగ్య నన్ను మర్చిపోయిందనుకుంటనే పోయిందా?"

నర్మదకు దసరా రోజు కళ్లముందు మెదిలింది. బాపమ్మ పొద్దున్నే పలక కడిగి, బలపం అరగదీసి, పీట మీద కూర్చుంది. ఏటా ఆ రోజు ఎవరో ఒకరు పిల్లల్ని తెచ్చేవారు. ఆ ఏడు ఒక్కరూ రాలేదు. "ఇగ నాతోని ఎవరికీ పని లేదే," అని సాయంత్రం పలకను తానే లోపల పెట్టుకుంది. మళ్లీ తీయలేదు.

నర్మద లోపలికి పరుగెత్తి బాపమ్మ రేకు డబ్బా తెచ్చింది. కార్డులన్నీ వెతికి ఒకటి తీసింది.

"కార్డు వచ్చింది బాపూ. నేనే చదవలే. ఆటకు పోవాలని ఉభయకుశలోపరి దాక చదివి, అంతే అని చెప్పిన."

శ్రీపతి చెయ్యి ఎత్తాడు. మళ్లీ ఏమనుకున్నాడో దించేసి గోడవైపు తిరిగాడు. కొడితే బాగుండేదనిపించింది నర్మదకు.

సౌభాగ్య కార్డు మీద తన చేతిరాత చూసుకుంది. "పంతులమ్మకు నా మీద కోపం లేకుండె. అదొక్కటి చెప్పినవ్," అంది. పాపను లేపి పీటకు దండం పెట్టించింది. వెళ్లేటప్పుడు నర్మద తల నిమరలేదు, తిట్టనూ లేదు.

మర్నాడు బడి నుంచి రాగానే నర్మద డబ్బా ముందేసుకుని కూర్చుంది. ప్రతి కార్డునూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకరు కొడుకు పుట్టాడని రాశారు. ఒకరు "మీ కండ్లు ఎట్లున్నయి?" అని మూడు కార్డుల్లో అడిగారు. అయ్యో, మూడుసార్లు అడిగారే! ఎవరు జవాబిచ్చారు?

నాన్నతో అబిడ్స్ పోస్టాఫీసుకు వెళ్లి కొత్త కార్డులు తెచ్చుకుంది. పీట పక్కన చాప మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. 'నమస్కారములు. ఉభయకుశ...' దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"బాపూ, ఇక్కడ కుశలం లేదు గదా. ఏం రాయాలె?"

శ్రీపతి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఉన్నదే రాయి బిడ్డా," అన్నాడు.

నర్మద ఇంకో కార్డు తీసుకుంది. 'మా బాపమ్మ పోయింది. మీ ఉత్తరం ఆమెకు నేను పూర్తిగా చదవలేదు. తప్పు నాదే. ఆమె ఎట్లుండేదో మీకు తెలిసింది నాకు రాయండి. ఒక్క ముక్క వదలకుండా చదువుతాను' అని రాసింది. 'పూర్తిగా'లో థ ఒత్తు రాసి కొట్టేసి, త ఒత్తు రాసింది.

"నర్మదా, వస్తవా రావా?" బయట పిల్లలు కేక వేశారు.

"జర ఆగుండ్రి," అంది నర్మద. తాను రాసిన కార్డు రెండు చేతులా పట్టుకుని, ఖాళీ పీట వైపు తిరిగి, మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది.