ముసలోడి వెనక ఈల

మా స్కై దీవిలో, స్టోర్ కొండ మీద నిలబడ్డ ఆ పెద్ద రాతిని చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. గంటన్నర ఎక్కుతారు. ముందు నుంచి ఫొటో తీసుకుంటారు, పక్క నుంచి తీసుకుంటారు, వెనక్కి కూడా వెళ్ళి తీసుకుంటారు. మేం మాత్రం వెనక్కి వెళ్ళం. పొద్దు వాలాక అసలే వెళ్ళం.

ఆ రాయి పేరు బొడఖ్. ముసలోడని అర్థం. మా భాషలో దెయ్యాన్ని కూడా ఆ మాటతోనే అంటాం. అందుకేనేమో మా ఊళ్ళో పిల్లలు తాతల్ని పూర్తిగా నమ్మరు.

ముసలోడికీ వెనకున్న కొండగోడకీ మధ్య ఒక సందు ఉంది. ఎండాకాలంలో కూడా అందులో చలే. గొర్రెలు దాని దాకా మేస్తాయి, అక్కడ ఆగిపోతాయి. మా అమ్మమ్మ చిన్నప్పుడు, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం ఒకాయన లోపలికి వెళ్ళాడట. గొర్రెపిల్ల వచ్చింది. ఆయన బూటు ఒకటి వచ్చింది. మరి ఆయన? అని అడిగితే, అమ్మమ్మ లేచి వెళ్ళి పొయ్యి ఎగదోసేది.

అలాంటి చోటు అది.

ఈ కథ నాకు జరిగింది కాదు. లాకీ తాతకి జరిగింది. అసలు పేరు లాక్లన్. నాకు వరసకి ఏమీ కాడు, కానీ పద్నాలుగు ఇళ్ళున్న ఊళ్ళో అందరూ అందరికీ ఏదో ఒకటి అయి తీరాలి.

నేను కొండ కింద, కార్లు ఆపుకునే చోట, బండి పెట్టి టీ, వేడి సూపు ఇస్తుంటాను. ఖాళీగా ఉన్నప్పుడు జనాన్ని ఆటపట్టిస్తాను. ముసలోడికి వంగి దణ్ణం పెట్టకపోతే వాన పడుతుందని ఒకాయనకి చెప్పాను. పాపం, బురదలో వంగి మరీ పెట్టాడట. అయినా పడింది. దిగొచ్చి, "ఎడమ కాలు ముందుకి పెట్టి వంగాలా?" అని అడిగాడు. అవునన్నాను.

ఆటపట్టిస్తానన్న ఈ పేరు వల్లే ఆ రోజు లాకీ తాత మొదట నన్ను అనుమానించాడు.

నవంబరు నెల. మా దగ్గర నవంబరులో రాత్రి రావడానికి రాత్రయ్యేదాకా ఆగదు, సాయంత్రం నాలుగున్నరకే వచ్చి కూర్చుంటుంది. కొండ మీద అప్పటికే మంచు దిగింది. నేను బండి కట్టేస్తున్నాను. లాకీ తాత పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. కాళ్ళ దగ్గర నెల్, ఆయన గొర్రెల కుక్క.

ఆఖరుగా ఇద్దరు దిగారు. హాంబర్గ్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం. మోకాళ్ళ దాకా బురద.

"మీ గొర్రెలాయన ఇంకా పైనే ఉన్నాడు," అంది ఆవిడ. "పాపం, ఈ మంచులో."

"ఏ గొర్రెలాయన?"

"మాకు కనబడలేదు. ఆ పెద్ద రాయి వెనక నుంచి కుక్కకి ఈల వేస్తున్నాడు. ఇదిగో, ఇలా..."

మొగుడు పెదాలు ముడిచి ఈల వేశాడు. పొడుగ్గా, అడుగు నుంచి పైకి లాగి... సరిగ్గా చివర్లో ఒక చిన్న తెంపు. ఎక్కిలి వచ్చినట్టు.

నెల్ లేచి నిలబడింది.

లాకీ తాత చేతిలో కప్పు జారి రాళ్ళ మీద పడింది.

"చూశావా, కుక్కకి అర్థమైంది!" అని ఆ హాంబర్గ్ మొగుడు తెగ మురిసిపోయాడు. ఇద్దరూ కారెక్కి పోర్ట్రీ పట్నం వైపు వెళ్ళిపోయారు.

వాళ్ళకేం తెలుసు? ఈల అంటే ఈలే అనుకుంటారు. మా వాళ్ళకి అలా కాదు. ఎడమకి తిరుగు, కుడికి తిరుగు, పడుకో... కుక్కకి చెప్పే మాటలు అందరివీ అవే. కానీ ఎవరి ఈల వాళ్ళది. మనిషి కనబడనక్కర్లేదు, కొండ అవతల నుంచి ఈల వినబడితే చాలు, ఆ వేసింది ఎవరో ఇంట్లో అంట్లు తోముకుంటున్న మనిషి చెప్పేస్తుంది.

ఆ హాంబర్గ్ ఆయన వేసి చూపించింది "చాల్లే, ఇక వచ్చేయ్" అనే ఈల. పని అయిపోయాక, ఇంటికి పోయే ముందు వేసేది. చివర్లో ఆ ఎక్కిలి, పొట్టేలు కొమ్ము తగిలి ముందు పన్ను ఊడిన మనిషిది. దీవి మొత్తానికి అలా వేసేవాడు ఒక్కడే. యూవెన్ తాత. లాకీ తాత తమ్ముడు.

యూవెన్ తాత పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

"కిర్స్టీ," అన్నాడు లాకీ తాత. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఇలా చూడు. ఇది నీ పనేనా?"

"కాదు తాతా."

"వాళ్ళకి నేర్పి పంపావా? నువ్వే అయితే చెప్పేయ్. తిట్టను."

"ఒట్టు తాతా. నాకసలు ఈల వేయడమే రాదు. వేస్తే ఉమ్మి పడుతుంది."

నా పని కాదని తెలిస్తే భయపడతాడనుకున్నాను. భయపడలేదు. చాలాకాలంగా మూసి ఉన్న తలుపు ఎవరో తీసిన చప్పుడు విన్నవాడిలా కొండ వైపు తిరిగాడు.

వాళ్ళిద్దరి సంగతి మీకు చెప్పాలి. అన్నదమ్ములిద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. ఒకే ఇల్లు, ఒకే బల్ల, ఒకే కుక్క. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

ఎందుకంటే... చొక్కాల వల్ల. మూడు వారాలు ఆగకుండా వాన పడి, ఒక ఆదివారం ఎండ వచ్చింది. మా ఊళ్ళో ఆదివారం ప్రార్థన తప్ప పని ముట్టుకోరు. యూవెన్ తాత ఆగలేక తడి చొక్కాలు తీగ మీద ఆరేశాడు. లాకీ తాత ఆ సంగతి పాస్టరు గారి చెవిన వేశాడు. పాస్టరు గారు వచ్చేవారం గుళ్ళో, పేరు చెప్పకుండా, చొక్కాల రంగులు మాత్రం చెప్పి ప్రసంగించారు. ఊరంతా యూవెన్ తాత వైపు తిరిగి చూసింది.

అంతే. ఆ పూట నుంచి మాట బంద్.

ఇంట్లో ఏదన్నా కావాలంటే కుక్కతో చెప్పుకునేవాళ్ళు. "నెల్, ఆ మనిషిని ఉప్పు ఇటు జరపమను." "నెల్, ఆ మనిషికి చేతులున్నాయేమో కనుక్కో." వినడానికి మాకు భలే నవ్వొచ్చేది. కొండ మీద మాత్రం ఒకరు పైన, ఒకరు కింద. ఒకరు ఈల వేస్తే అవతలి నుంచి ఇంకొకరు వేసేవాళ్ళు. రోజంతా.

మార్చి నెలలో లాకీ తాత గొర్రెల మందు కోసం పోర్ట్రీ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి యూవెన్ తాత గొర్రెల దొడ్డిలో, గోడకి ఆనుకుని... అయిపోయింది. దగ్గర ఎవరూ లేరు. కుక్క ఉంది.

నవ్వినవాళ్ళం మళ్ళీ నవ్వలేదు.

"టార్చి ఇవ్వు," అన్నాడు లాకీ తాత.

"ఎక్కడికి? ఏం, పిచ్చా? పొద్దున వెళ్దాం, నేనూ వస్తా."

"పొద్దుటిదాకా ఆగడే వాడు. వాడి సంగతి నీకు తెలీదు."

"ఒకవేళ... నిజంగా ఉంటే? ఏం చేస్తావ్?"

"అడుగుతా."

"ఏమని?"

ఆయన కోటు గుండీ పెట్టుకుంటున్నాడు. పైదాకా పెట్టుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కోపంతోనే పోయాడా అని. అంతే. ఇంకేం అక్కర్లేదు నాకు."

నేను వెళ్ళలేదు. గేటు దగ్గరే నిలబడ్డాను. బండి చూసుకోడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. బండిని ఎవరెత్తుకెళ్తారని అడక్కండి. టార్చి వెలుగు కాసేపు పైకి ఊగుతూ పోయింది, తర్వాత మంచు దాన్ని మింగేసింది.

ఇక్కణ్ణించి ఆయన చెప్పిందే.

మొదటి అరగంట ఏమీ లేదు. రాతిమెట్లు, బురద, తన ఊపిరి. కింద సముద్రం అవతల, రాసే అనే పక్క దీవిలో దీపాలు రెండు మూడు కనబడుతూ ఉన్నాయి. తర్వాత అవీ లేవు. నెల్ పక్కనే నడుస్తోంది. యాభై ఏళ్ళుగా ఎక్కిన కొండే. కానీ మార్చి తర్వాత చీకట్లో ఎక్కడం అదే మొదలు. ఒక్కడే ఎక్కడం కూడా.

అలవాటుకొద్దీ ఈల వేశాడు. తన ఈల. ఇక్కడున్నా అన్నట్టు.

కొండ ఏమీ అనలేదు.

ఇంకాస్త పైకి... మంచులోంచి రాళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చి నిలబడుతున్నాయి. మనుషులంత. తర్వాత ఇళ్ళంత. తర్వాత... ముసలోడు. టార్చి పైకెత్తితే ఆయన నడుం దాకా కూడా వెలుగు అందలేదు.

గాలి ఆగిపోయింది.

అప్పుడు వినబడింది.

పొడుగ్గా... అడుగు నుంచి పైకి... చివర్లో ఎక్కిలి.

నెల్ చెవులు నిక్కబొడుచుకుంది. ఒక్క గెంతు... మంచులో మాయమైంది.

"నెల్!"

లాకీ తాత ఈల వేశాడు, వెనక్కి రమ్మని. ఒకసారి. రెండుసార్లు. ఎనిమిది నెలలుగా ఒక్క మాట జవదాటని కుక్క అది. రాలేదు. "చాల్లే, వచ్చేయ్" అంటే పిలిచినవాడి దగ్గరికే పోవాలి. నెల్ తప్పేం చేయలేదు.

మళ్ళీ ఈల. ఇంకా లోపల్నుంచి. ఆ సందులోంచి.

"పని అయిపోయింది, ఇంటికి రా అనే ఈల అదీ," అన్నాడు నాతో. "పోయినవాడు ఆ ఈల వేస్తే... కుక్కకేనా వేసింది, నాకా? అనిపించిందే, కిర్స్టీ."

అయినా వెళ్ళాడు.

సందు ఇరుకు. రెండు భుజాలకీ రాయి తగులుతోంది. లోపల ఏదో పుల్లటి వాసన. చీకట్లో... పైన... సన్నగా గరగరమని చప్పుడు. రాయి ఒళ్ళు సర్దుకుంటున్నట్టు. ఎవరో చాలామంది ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు.

ఒక పేరు పలకాలి. తొమ్మిదేళ్ళుగా పలకని పేరు.

"యూవెన్..."

గరగర ఆగిపోయింది.

"యూవెన్... నేను రా."

సరిగ్గా నెత్తి మీద... చెయ్యెత్తితే అందేంత దగ్గర... ఈల!

టార్చి పైకి తిప్పాడు.

కళ్ళు. వందల కళ్ళు. రాయి పగుళ్ళ నిండా, గట్ల నిండా, ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్న కళ్ళు.

గోరింకలు.

మా గోరింకలు నల్లగా, ఒంటినిండా తెల్లటి చుక్కలతో ఉంటాయి. పగలంతా గొర్రెల వీపుల మీదెక్కి తిరిగి, చలికాలం రాత్రుళ్ళు గాలి తగలని రాతిసందులు వెతుక్కుని గుంపుగా పడుకుంటాయి. వాటికింద నెల్ పడుకుని ఉంది. తల పైకెత్తి, ఒకే ఒక పిట్టని చూస్తూ, తోకతో నేల ఊడుస్తోంది. ఆ పిట్ట మెడ సాచి ఇంకోసారి ఈల వేసింది. ఎక్కిలితో సహా.

లాకీ తాత అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాడు.

"దెయ్యం కాదని తెలిస్తే ధైర్యం రావాలి కదే," అన్నాడు. "నాకు ఉన్నది కూడా అప్పుడే పోయింది. వచ్చేదాకా వాడు ఉన్నాడు. వచ్చి చూస్తే లేడు. మార్చిలో కూడా అంత ఒంటరిగా అనిపించలేదు."

ఎంతసేపు కూర్చున్నాడో తెలీదు. లేవబోయాడు. పిట్ట ఇంకా మేలుకునే ఉంది. టార్చి వెలుగుకి నిద్ర చెడిందేమో, తనకి వచ్చినవన్నీ ఒక్కొక్కటే బయట పెట్టడం మొదలుపెట్టింది. గొర్రెపిల్ల అరుపు. వాన చుక్కలు రేకు మీద పడే చప్పుడు. తుప్పు పట్టిన ఇనపగేటు కిర్రుమనడం...

ఆ గేటు తనదే. తమ గొర్రెల దొడ్డిది. ఆ దొడ్డి గోడలోనే ఏటా గోరింకలు గూడు పెట్టేది. రోజూ పొద్దున్నే ఆ గేటు తీసుకుని ఒంటరిగా లోపలికి వెళ్ళేది యూవెన్ ఒక్కడే.

గోరింక ఒకసారి విన్నది పట్టుకోదు. రోజూ వినాలి. మళ్ళీ మళ్ళీ వినాలి. అప్పుడే దాని గొంతులోకి వస్తుంది.

గేటు మూసుకున్న చప్పుడు చేసింది పిట్ట. తర్వాత... గొంతు సవరించుకుంది.

మనిషిలా.

"లాకీ..."

లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

"లాకీ... అదీ... ఛ."

మళ్ళీ గొంతు సవరింపు. మళ్ళీ మొదట్నుంచి, అన్నతో అనాల్సిన మాట అప్పజెప్పుకుంటున్నట్టు. పన్ను లేని చోట గాలి పోతూ, తడబడుతూ...

"లాకీ... ఒరే... అలా కాదు... ఛ. లాకీ..."

లాకీ తాత టార్చి ఆర్పేశాడు. చీకట్లో చేత్తో తడిమి నెల్‌ని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"చెప్పరా," అన్నాడు. "తొందరేం లేదు."